డంబెల్స్ కొనేముందు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రంగురంగుల ఆ రెండు కిలోల జత వద్దు. స్కూలుకి నువ్వు మోసిన పుస్తకాల సంచే దానికన్నా బరువు! భుజాలకి కొన్నాళ్లు పనికొస్తుందేమో గానీ, కాళ్లకీ వీపుకీ అది లెక్కలోకే రాదు. చేతులు పక్కలకి చాపి ఎత్తేటప్పుడు మూడు కిలోలకే భుజం మండుతుంది. అదే మనిషి పది కిలోలు గుండెకి ఆనించుకుని గుంజీళ్లు తీయగలదు. అందుకే ఒకే బరువున్న జత ఏది కొన్నా ఏదో ఒక వ్యాయామానికి సరిపోదు. రాడ్‌కి ప్లేట్లు, అంటే గుండ్రటి బరువు బిళ్లలు, మార్చుకునే సెట్టే తీసుకో.

ఆ సెట్లో అందరూ మొత్తం ఎన్ని కిలోలని అడుగుతారు. నువ్వు మాత్రం అన్నిటికన్నా చిన్న ప్లేటు ఎంత బరువని అడుగు. బలం పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో థామస్ డీలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు దెబ్బతిన్న సైనికుల మోకాళ్లని ఈ పద్ధతిలోనే బాగుచేశాడు. ఇరవై కిలోలు ఎత్తేవాళ్లకి ఇంకో రెండున్నర కలిస్తే ఎనిమిదో వంతే పెరిగినట్టు. అయిదు ఎత్తే నీకు అదే రెండున్నర కలిస్తే ఒక్కసారిగా సగం పెరిగినట్టు, భుజం ఒప్పుకోదు. 1.25 కిలోల ప్లేట్లు రాడ్‌కి అటొకటి ఇటొకటి వేస్తే రెండున్నర పెరుగుతుంది. అరకిలోవి వేస్తే ఒక్క కిలోయే. రెండు డంబెల్స్‌కీ కలిపి ఆ చిన్నవి నాలుగు ఉండాలి, మర్చిపోకు. ఇంకోటి, ఇరవై కిలోల సెట్ అన్నది రెండు డంబెల్స్‌కీ కలిపి మొత్తం లెక్క. అంటే ఒక్కో చేతికి వచ్చేది పదే. మొదట్లో అది నీకు చాలు, తర్వాత ప్లేట్లు విడిగా కొనుక్కోవచ్చు.

డయల్ తిప్పితే బరువు మారే రకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ లోపలి యంత్రాంగం కింద పడేస్తే తట్టుకోదు, పాడైతే ఇంట్లో బాగుచేసుకోలేం. నాకు నచ్చదు. సిమెంట్ నింపిన ప్లాస్టిక్‌వి కూడా వద్దు. అంతే బరువున్న ఇనుప ప్లేటుకన్నా బాగా లావుగా ఉండి ఒంటికి తగులుతుంటాయి, పగిలితే పొడి రాలుతుంది. రబ్బరు తొడుగున్న ఇనుము మేలు. కొత్తలో వాసన వస్తే నాలుగు రోజులు గాలికి పెట్టు.

రాడ్ నీ గుప్పిట్లో పట్టాలి. 25 నుంచి 28 మిల్లీమీటర్ల మందం నీ చేతికి సరిపోతుంది. మరీ లావైతే చేయి అలిసేలోపే వేళ్లు అలిసిపోతాయి. పట్టుకునే చోట గరుకు గీతలుండాలి, నున్నగా మెరిసేది చెమటకి జారుతుంది. చివర్లకి మరలుండి, నట్టు లోపల రబ్బరు రింగున్నది చూడు. అయినా ప్రతి విడతకీ ముందు నట్టు బిగించు. తలపైకి ఎత్తేవి చేసేటప్పుడు మరీ ముఖ్యం. చేస్తూ చేస్తూ ఉంటే అది వదులవుతూనే ఉంటుంది.

ఎంత బరువుతో మొదలుపెట్టాలని అడిగావు కదా. పదిసార్లు ఎత్తు. ఆ తర్వాత ఇంకో రెండు మూడు సరిగ్గా ఎత్తగలననిపిస్తే అదే నీ బరువు. నడుము ఊపి ఎత్తాల్సి వస్తే తగ్గించు. ఫోన్లో కబుర్లు చెబుతూ ఎత్తగలుగుతున్నావంటే పెంచు. పన్నెండు తేలిగ్గా వచ్చే రోజున చిన్న ప్లేట్లు వెయ్యి.

ఇంటికి తెచ్చాక ముందు ఖాళీ రాడ్‌ని కాటా మీద పెట్టి తూచు. దాని బరువూ నువ్వు ఎత్తేదాంట్లో కలుస్తుంది. ప్లేట్ల మీదున్న అంకెలు కిలోలో పౌండ్లో కూడా చూసుకో, పది పౌండ్లంటే నాలుగున్నర కిలోలే.

నాన్న