గెడ్డ గుంతలో మళ్లీ రాళ్లు పోసే ముందు ఒక్క లెక్క కట్టండి

సంపాదకుల వారికి,

మాధవధారలో సింహాచలం కొండ వాలు మా వీధి చివరే దిగుతుంది. వాననీళ్లు ఏటవాలు కాంక్రీటు కాలువలో దూకుతూ వచ్చి చదును నేలకు చేరతాయి. అక్కడి నుంచి 20 మీటర్లు అడుగున కాంక్రీటు ఉంది, ఆ తర్వాత మట్టి గెడ్డ, అంటే వాగు. సరిగ్గా కాంక్రీటు అంచునే గుంత పడుతోంది. రెండుసార్లు రాళ్లు పోసి పూడ్చారు. మొన్న అక్టోబరు వానకి నడుంలోతు తవ్వేసింది, పక్కింటి ప్రహరీ పునాది రాయి బయటపడింది. వానొస్తే ఆ ఇంట్లోవాళ్లకి టెన్షన్‌తో నిద్ర ఉండదు. మళ్లీ రాళ్ల లారీ వస్తుందంటున్నారు.

నేను 30 ఏళ్లు పాలిటెక్నిక్‌లో హైడ్రాలిక్స్ చెప్పినదాన్ని. వంటింటి సింకులో కుళాయి తిప్పి చూడండి. నీళ్లు పడ్డచోట అద్దంలా పలుచగా పరుచుకుని, బెత్తెడు దూరంలో వలయంలా ఒక్కసారి పైకి లేస్తాయి. కాలువలోనూ అంతే. పలుచగా, వడిగా వచ్చిన నీరు ఒక్కచోట లోతెక్కి నెమ్మదిస్తుంది. దాన్నే హైడ్రాలిక్ జంప్ అంటారు. ఆ పొర్లాటలో నీటి బలంలో మంచి వంతు అరిగిపోతుంది. అది కాంక్రీటు మీదే జరగాలి.

ఆ వానలో కొలిచాను. కాలువ వెడల్పు 2 మీటర్లు. గోడ మీద ముందే గీసిన గుర్తుల ప్రకారం వాలు అడుగున లోతు 30 సెంటీమీటర్లు. కొబ్బరిడొక్క వదిలి మా మనవడి చేత ఫోన్‌లో వీడియో తీయించాను. పైపొర వేగం కనుక కొంచెం తగ్గించుకుంటే సెకనుకు 6 మీటర్లు. అంటే ఫ్రౌడ్ సంఖ్య 3.5. లోతుతో పోల్చి నీటి వడిని చెప్పే అంకె అది; ఒకటి దాటితేనే జంప్ అవుతుంది. ఆ నీరు అక్కడే జంప్ కావాలంటే దిగువన 1.34 మీటర్ల లోతు ఎదురు నిలవాలి. కానీ మట్టి గెడ్డ మూడున్నర మీటర్ల వెడల్పు, 500కి ఒకటి వాలు. వాలు, వెడల్పు, గరుకుదనాన్ని బట్టి పారే లోతు చెప్పే మ్యానింగ్ సూత్రంతో కడితే అందులో నిలిచేది సుమారు 85 సెంటీమీటర్లే. ఎదురు చాలక నీరు ముందుకే జారుతుంది. కాంక్రీటు రాపిడికి మెల్లగా లోతు పెరిగి, ఆ 85కి సరిపడేలా 55 సెంటీమీటర్లయ్యాకే జంప్ అవుతుంది. ఆ దూరం అంచెలంచెలుగా లెక్కేస్తే 40 మీటర్లు దాటింది! కాంక్రీటేమో 20 దగ్గరే అయిపోయింది. అక్కడ నీరు ఇంకా సెకనుకు 4 మీటర్లకు పైగా వేగంతో మట్టి మీద పడుతోంది. మట్టి ఎలా ఆగుతుంది?

మరమ్మతు కాగితాలు అడిగి చూశాను. మ్యానింగ్ లెక్క ఒక్కటే ఉంది. నీరు నిలకడగా, ఒకే లోతున పారే చోటికి ఆ లెక్క సరిపోతుంది. వాలు దిగీదిగగానే ఏం జరుగుతుందో అది చెప్పదు.

నా కొలతల ప్రకారం వాలు అడుగున 9 మీటర్ల పొడవున నేలను 65 సెంటీమీటర్లు దించి తొట్టిలా కట్టి, పక్క గోడలు కొంచెం పెంచితే జంప్ అందులోనే పడుతుంది. అంతకంటే పెద్ద వాన లెక్క కూడా కట్టాకే కొలతలు ఖాయం చేయాలి. సంబంధిత ఇంజినీర్లు ఒక్కసారి వచ్చి చూడాలని మనవి. నా కాగితాలన్నీ ఇస్తాను, వాన పడేటప్పుడు వస్తే పక్కనే నిలబడి చూపిస్తాను.

— ఒక విశ్రాంత లెక్చరర్, మాధవధార, విశాఖపట్నం