సుంకి ఘాట్ దిగేటప్పుడు

సుంకి,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

మొన్న ఫోన్లో, వాలు మీది బండి లెక్క గురించి ఏడుపు గొంతుతో అన్నావు కదా, "బరువు ఒకటే అయితే రెండు ముక్కలు చెయ్యమంటారేంటి నాన్నా? ఆ రెండూ కూడితే మళ్ళీ మొదటిది రావట్లేదు" అని. నిన్న సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగుతున్నంతసేపూ ఆ మాటే నా చెవుల్లో ఉంది. నేను చదివింది ఇంటర్ దాకానే. కానీ ఈ ఘాట్ మీద ఇరవయ్యేళ్ళుగా ఆ లెక్కతోనే బతుకుతున్నాను. అందుకే రాస్తున్నాను.

నిన్నటిది అల్లం లోడు. బండీ సరుకూ కలిపి 30 టన్నులు అనుకో. ఆ బరువు ఎప్పుడూ నిట్టనిలువుగా భూమిలోకే లాగుతుంది. రోడ్డు వాలిందని అది వాలదు. మరి బండి భూమిలోకి దిగబడదే? రోడ్డు అడ్డం ఉంది. పోతే రోడ్డు వెంట కిందికే పోవాలి. స్టీరింగు ముందు కూర్చున్న నాకు రెండు సంగతులు కావాలి. రోడ్డు వెంట ఎంత లాగుతోంది? రోడ్డుని ఎంత నొక్కుతోంది? మొదటిది నా బ్రేకులు మొయ్యాల్సింది, రెండోదాన్ని బట్టి టైర్లకి పట్టు. బరువు ఒకటే తల్లీ, అడిగే ప్రశ్నలు రెండు.

లెక్క కోసం, రోడ్డు వెంట 15 అడుగులు పోతే ఒక అడుగు దిగుతామనుకో. అప్పుడు రోడ్డు వెంట లాగేది 30లో పదిహేనో వంతు, 2 టన్నులు. మిగిలింది 28 అనేస్తావు. అక్కడే నీ తప్పు. రోడ్డుని నొక్కేది దాదాపు 29.93 టన్నులు. ఈ రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి, మామూలు కూడిక పనికిరాదు. కాగితం మీద గియ్యి. 2 ఒక భుజం, 29.93 ఇంకో భుజం. వర్గాలు 4, 896. కూడితే 900. దాని వర్గమూలం 30. కర్ణమే మన బండి బరువు! బలం సదిశ. సదిశ అంటే దిశ కూడా ఉన్నది అనే కదా. ఆ దిశ వదిలేసి అంకెలు మాత్రం కూడావు, అందుకే రాలేదు. పరీక్షలో మాత్రం టన్నులు రాయకు, న్యూటన్లలో రాయి: బరువు 2,94,000, రోడ్డు వెంట 19,600.

ఇంకో మాట అడిగావు, బండి కదులుతోందంటే ముందుకి బలం ఉన్నట్టే కదా అని. కాదమ్మా. రెండో గేరులో, ఒకే వేగంతో దిగుతున్నాననుకో. వాలు 2 టన్నులు ముందుకి లాగుతుంది, ఇంజనూ బ్రేకులూ టైర్ల రాపిడీ కలిసి సరిగ్గా 2 టన్నులు వెనక్కి పట్టుకుంటాయి. మొత్తం సున్నా. అయినా బండి పోతూనే ఉంటుంది. వేగం మారాలంటేనే మిగులు బలం కావాలి. న్యూటన్ 1687లో అచ్చు వేయించిన మొదటి సూత్రం ఇదే.

ఆ వెనక్కి పట్టుకునేది తీసేస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. కొత్తలో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్లో దింపాను. త్వరణం, అంటే వేగం పెరిగే రేటు, 9.8లో పదిహేనో వంతు: వేగం ప్రతి సెకనుకీ సెకనుకి 0.65 మీటర్ల చొప్పున పెరుగుతుంది. చూడటానికి ఎంత చిన్న అంకె! రాపిడి పక్కన పెడితే 20 సెకన్లలో గంటకి 47 కిలోమీటర్లు పెరుగుతుంది. బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. బ్రేకు లైనర్లు కాలిన వాసన కేబిన్ నిండా కమ్మింది, పెడల్ మెత్తబడిపోయింది. కొండవైపు మట్టిగట్టుకి రాసుకుంటూ ఆపుకున్నాను. నువ్వప్పుడు నెలల పిల్లవి. మీ అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఇక టర్నింగు. స్పీడోమీటరు ముల్లు కదలకపోయినా అక్కడ త్వరణం ఉంది, ఎందుకంటే దిశ మారుతోంది. 15 మీటర్ల వ్యాసార్ధం మలుపుని 18 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి 5 మీటర్లతో తిరిగితే, వేగం వర్గం 25ని వ్యాసార్ధం 15తో భాగించు: త్వరణం 1.67. వేగం రెట్టింపు చేస్తే 6.67, నాలుగింతలు! వానకి తడిసిన రోడ్డు మీద లోడు బండి టైర్లు అంత పట్టు ఇవ్వలేవు. బస్తాలు బయటికి తోసుకొచ్చాయంటారు మావాళ్ళు. వాటిని బయటికి తోసిందెవరూ లేరు. అవి తిన్నగా పోవాలనుకుంటాయి, బండి లోపలికి తిరుగుతుంది, అంతే.

కేబిన్లో అద్దం దగ్గర దారానికి వేలాడే గంట గుర్తుందా? ఒకే వేగంతో దిగేటప్పుడు ఆ దారం నిలువుగానే ఉంటుంది, వాలేది కేబిన్. దారానికీ కేబిన్ గోడకీ మధ్య కోణమే రోడ్డు వాలు, మన లెక్కలో నాలుగు డిగ్రీల లోపు. ఆ టర్నింగుని 18 కిలోమీటర్ల వేగంతో తిరిగితే గంట దాదాపు పది డిగ్రీలు పక్కకి ఒరగాలి. దసరా సెలవులకి వచ్చేటప్పుడు జామెట్రీ బాక్సులోని కోణమానిని మరిచిపోకుండా తీసుకురా. నేను నడుపుతాను, నువ్వు కొలుద్దువుగాని.

అమ్మ జంతికలు పంపింది. హాస్టల్లో అందరికీ పెట్టు.

నీ నాన్న