మీ ఆర్డర్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

మా దగ్గర ఓవర్‌క్లాక్ డెస్క్‌టాప్ (ప్రాసెసర్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపేది) బుక్ చేసుకుని ఎదురుచూస్తున్న వారందరికీ నమస్కారం. అసలు విషయం సూటిగా చెప్పేస్తాను. మదర్‌బోర్డు మార్చాల్సి వచ్చింది.

ఇన్నాళ్లూ వాడుతున్న బోర్డునే సప్లయర్ ఈసారీ పంపాడు. పేరు అదే, పెట్టె అదే. బోర్డు మూలన చిన్న అక్షరాల్లో ఉండే రివిజన్ నంబరు మాత్రం వేరు. ఏఎండీ కంపెనీ 16 కోర్ల ప్రాసెసర్ రైజెన్ 9 9950ఎక్స్ బిగించి లోడ్ (బరువైన పని) పెడితే కాసేపు బాగానే నడిచి, ఉన్నట్టుండి స్పీడ్ పడిపోయేది. ప్రాసెసర్ వేడి చూస్తే హద్దులోనే ఉంది. కూలర్ తీసి పేస్ట్ మళ్లీ పూశాం, అయినా అదే తంతు. చివరికి వీఆర్ఎం (బోర్డు మీద ప్రాసెసర్‌కి తగ్గ ఓల్టేజీ తయారుచేసే భాగం) మీది హీట్‌సింక్ విప్పి పాత బోర్డు పక్కన పెట్టి చూస్తే తేలింది. ప్రాసెసర్‌కి కరెంటు అందించే ఫేజ్‌లు తగ్గించేశారు, హీట్‌సింక్ కూడా పల్చబడింది. వీఆర్ఎం కాగిపోతుంటే, కాలిపోకుండా బోర్డే ప్రాసెసర్ వేగాన్ని తొక్కిపెడుతోంది. ఆ చిప్ మామూలుగానే 230 వాట్ల దాకా లాగుతుంది. పీబీఓ అనే ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ సెట్టింగ్‌తో పరిమితులు ఎత్తేస్తే ఇంకా పైకి పోతుంది.

సప్లయర్‌ని అడిగితే, "మీ కస్టమర్లు బోర్డు విప్పి చూస్తారా ఏంటి?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మీరు విప్పకపోవచ్చు, నేను విప్పుతాను. నా దగ్గర కొనేది అందుకే కదా.

నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి ఉంది. మీలో ఎక్కువమంది అడిగింది గేమింగ్ కోసం 8 కోర్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ. దాని పవర్ పరిమితి 162 వాట్లే. ఇదే బోర్డు మీద పెడితే ఎక్కడా తడబడలేదు. వాటికి వాడేస్తే ఆర్డర్లు వెంటనే పోతాయి, ఇరుక్కున్న డబ్బూ బయటపడుతుంది. చాలా తర్జనభర్జన పడ్డాను. కానీ ఈ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది. ఇవాళ 8 కోర్లు కొన్నా, రేపు అదే బోర్డులో 16 కోర్ల చిప్ వేసుకోవచ్చని మీకు చెప్పి అమ్మింది నేనే. ఈ బోర్డు పెడితే ఆ మాట అబద్ధమవుతుంది. అందుకే అన్నీ వెనక్కి పంపేస్తున్నాను.

కొత్తగా ఎంచుకున్న బోర్డు వీఆర్ఎం 9950ఎక్స్‌ని లోడ్‌లో నిలకడగా మోస్తోంది. మిగతావేవీ మారవు. డీడీఆర్5-6000 మెమరీయే, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ భాగానికి ఇచ్చే ఎస్ఓసీ ఓల్టేజీ 1.3 వోల్టులు దాటనివ్వం, కోర్ల ఓల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్ ఒక్కో కోర్‌కి విడిగానే సెట్ చేస్తాం. ఇప్పటికే మా సిస్టమ్ వాడుతున్నవారు టెన్షన్ పడక్కర్లేదు, మీవన్నీ పాత రివిజన్ బోర్డులే.

ఆగలేనివారికి డబ్బు మొత్తం వాపసు ఇస్తాం. "నాకు 8 కోర్లు చాలు, ఆ బోర్డుతోనే త్వరగా ఇచ్చేయండి" అని కొందరు అడిగారు. ఇవ్వను. ఒక్కో సిస్టమ్ రాత్రంతా లోడ్ మీద నిలబడ్డాకే ఫోన్ చేసి డెలివరీ తేదీ చెబుతాం.