మామిడి రైతుల సంఘం వార్షిక నివేదిక: చిత్తూరు జిల్లా, 2025 తోతాపురి పంటకాలం

గౌరవ సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది సంఘం చేసిన పనిలో అధిక భాగం తోతాపురికి ప్రభుత్వం ప్రకటించిన కిలో 4 రూపాయల రాయితీ చుట్టూనే తిరిగింది కనుక, ఈ నివేదికలోనూ దానికే ఎక్కువ చోటిచ్చాము.

2025లో కాపు విరగకాసింది. అయితే అంతకు ముందు తీసిన మామిడి గుజ్జు గోదాముల్లో మిగిలిపోవడంతో గుజ్జు పరిశ్రమలు కొత్త కాయ కొనడానికి వెనుకాడాయి. కోసిన కాయ ఆగదు. ఫ్యాక్టరీ గేట్ల ముందు టోకెన్ కోసం ట్రాక్టర్లు బారులు తీరి, అడుగున ఉన్న కాయ మెత్తబడుతుంటే, అడిగిన ధరకు ఇచ్చేయక తప్పలేదు. ఆ స్థితిలో ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కాలని నిర్ణయించి, 8 రూపాయలు పరిశ్రమలు చెల్లించాలనీ, మిగతా 4 రూపాయలు తానే రైతు ఖాతాలో వేస్తాననీ ప్రకటించింది. జూలైలో కేంద్రం కూడా, మద్దతు ధర లేని పంటలకు వర్తించే మార్కెట్ జోక్య పథకం కింద, క్వింటాలుకు 1,490.73 రూపాయల ధర ఖరారు చేసి, 1.62 లక్షల టన్నుల వరకు, ఆ ధరకూ రైతు అమ్ముకున్న ధరకూ మధ్య తేడా భారాన్ని రాష్ట్రంతో చెరిసగం పంచుకోవడానికి ఒప్పుకుంది.

రాయితీ ప్రకటన వెలువడిన నాటి నుంచి మాకు ఎదురైన చిక్కంతా కాగితాల్లోనే ఉంది. డబ్బు పడాలంటే ఈ-పంట (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ లెక్క) నమోదు, ఆధార్‌తో కలిసిన బ్యాంకు ఖాతా, కాయ తూచిన చీటీ, ఈ మూడింటిలో ఒకే పేరు ఉండాలి. తండ్రి పేరున పట్టా ఉండి కొడుకు కాయ తోలిన చోట, చీటీ మీద ట్రాక్టరు డ్రైవరు పేరు రాసిన చోట, ర్యాంపులో (వ్యాపారులు కాయ తూచి కొనే చోట) తెల్లకాగితం మీద లెక్క కట్టి ఇచ్చిన చోట మన సభ్యులు చిక్కుల్లో పడ్డారు. కార్యవర్గ సభ్యులు రైతు సేవా కేంద్రాలకు వెళ్లి, ఒక్కొక్కరి వివరాలు సరిచూసి, సవరణ దరఖాస్తులు రాయించారు. ఈ పని కోత మొదలుకాక ముందే చేసి ఉండవలసింది. ఆలస్యం మాదే, అందుకు విచారిస్తున్నాము.

తోట గుత్తకు తీసుకున్నవారి సంగతి ఇంకా బాధాకరం. మందులకూ కోత కూలీలకూ అప్పు చేసి పెట్టుబడి పెట్టిన గుత్తదారు చేతికి రావలసిన సొమ్ము, కాగితం లేనందున భూయజమాని ఖాతాకు చేరే ప్రమాదం ఉంది. నోటి మాటతో నడిచే గుత్తలకు ఇకపై రాతపత్రం రాసుకోవాలని ఇరుపక్షాలనూ కోరుతున్నాము.

జూన్ 7న పొరుగు రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా విధించిన ఆంక్షను కొందరు సభ్యులు హర్షించారు. అయితే కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతు కూడా ఈ ఫ్యాక్టరీలనే నమ్ముకుని చెట్టు పెంచినవాడని కార్యవర్గం అభిప్రాయం.

ప్రభుత్వపు 4 రూపాయల కోసం మేము పడిన శ్రమ, కొనుగోలుదారు ఇవ్వవలసిన 8 రూపాయల విషయంలో పడలేదు. పలువురు సభ్యులకు అంతకంటే తక్కువే ముట్టింది. రాయితీ ఉంది కదా అని కొనేవాడు తన ధర తగ్గించుకుంటే ప్రభుత్వ సొమ్ము రైతుకు కాక అతనికే లాభిస్తుంది. కాబట్టి వచ్చే కోతకు ముందే ధర, పరిమాణం, చెల్లింపు గడువు రాతపూర్వకంగా తేల్చుకునేలా పరిశ్రమలతో ఉమ్మడిగా మాట్లాడే అధికారాన్ని కార్యవర్గానికి ఇవ్వవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాము.