గర్భవిచ్ఛిత్తికి వారాల గడువే ఉండకూడదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారం. గర్భవిచ్ఛిత్తి సేవలపై 2022 మార్చిలో మీ సంస్థ వెలువరించిన మార్గదర్శకాలలోని రెండు అంశాలను పునఃపరిశీలించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. గర్భం ఇన్ని వారాలు దాటాక గర్భవిచ్ఛిత్తి కూడదనే చట్టాలు ఉండరాదన్న సిఫార్సు వాటిలో ఒకటి. మనస్సాక్షి ఒప్పుకోక ఆ పనికి దూరంగా ఉండే వైద్యుల గురించి చెప్పిన మాట రెండవది. గర్భవిచ్ఛిత్తిని నేను సూత్రరీత్యా వ్యతిరేకిస్తాను. ఆ సంగతి దాచుకోవలసిన పని లేదు. అయితే ఈ రెండింటినీ తప్పుపట్టడానికి నా అభిప్రాయంతో ఏకీభవించనక్కరలేదు. గర్భవిచ్ఛిత్తిని అనుమతించిన దేశాల చట్టాలు చూసినా చాలు.

ఫ్రాన్సు 2024 మార్చిలో ఈ స్వేచ్ఛను ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించింది. అయినా స్త్రీ కోరిక మీద చేసే గర్భవిచ్ఛిత్తికి అక్కడ 14 వారాల గడువు అలాగే ఉంది. అర్జెంటీనా 2020 డిసెంబరులో చట్టం చేసినప్పుడు పెట్టుకున్న గడువూ అంతే. బ్రిటన్ అయితే 28 వారాలుగా ఉన్న పరిమితిని, నెలలు నిండని శిశువులను బతికించే వైద్యం మెరుగుపడుతున్న కొద్దీ పాత లెక్క నిలవదని గ్రహించి, కొన్ని మినహాయింపులతో 1990లో 24కు తగ్గించింది. గర్భస్థ జీవాన్ని కాపాడే బాధ్యత రాజ్యానిదేనని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1975లోనూ, మళ్ళీ 1993లోనూ తేల్చిచెప్పింది. తప్పనిసరి కౌన్సెలింగ్ తరువాత మూడు రోజులు ఆగి, 12 వారాల లోపు చేయించుకుంటే శిక్ష ఉండదన్నది అక్కడి ఏర్పాటు. ఇవేవీ స్త్రీలను వంటింటికి కట్టిపడేసే దేశాలు కావు.

గడువులు స్త్రీలను ఆలస్యానికీ, ప్రమాదకరమైన దారులకూ నెడతాయన్నది మీ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ వాదనలో రెండో ప్రాణం ఊసే ఉండదు. మీ సంస్థ రూపొందించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదవ కూర్పు, పుట్టుకకు అటూ ఇటూ ఉండే ప్రసవ పరిసర కాలాన్ని 22 వారాలు నిండినప్పటి నుంచి లెక్కిస్తుంది. అప్పటికి శిశువు బరువు సుమారు 500 గ్రాములు. ఆ వయసులో పుట్టిన బిడ్డను బతికించడానికి కొన్ని ఆసుపత్రులు సర్వశక్తులూ ఒడ్డుతున్నాయి. 21 వారాలకే పుట్టి బతికిన పిల్లలూ ఉన్నారు. ఆ మార్గదర్శకాలు వచ్చిన 2022లోనే, నవంబరు నెలలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా వెంటనే తల్లి రొమ్ముకు హత్తుకుని పడుకోబెట్టమని, ఆ ఒంటి వెచ్చదనమే ప్రాణం నిలబెడుతుందని మీరే ప్రపంచానికి చెప్పారు. ఎంతో మేలైన సలహా. అదే వయసు బిడ్డ ఇంకా కడుపులోనే ఉంటే, సూదితో మందు ఇచ్చి ముందుగా గుండెను ఆపి, ఆ తరువాత గర్భవిచ్ఛిత్తి చేయడం వైద్యంలో వాడుకలో ఉన్న పద్ధతి. దానికి ఏ వారం దగ్గరా చట్టం అడ్డు చెప్పకూడదని కూడా మీరే అంటున్నారు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టడమంటే ఇదే.

మా వైపు వారిలో కొందరు వినడానికి ఇష్టపడని సంగతులు కూడా చెప్పాలి. రొమేనియాలో 1966 నాటి నిషేధం వేలమంది స్త్రీలను పొట్టన పెట్టుకుంది. 2012లో ఐర్లాండులో సవితా హలప్పనవర్, గర్భం నిలవదని తెలిసినా వైద్యులు సకాలంలో చర్య తీసుకోక, ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది. తల్లి ప్రాణాపాయంలో ఉన్నప్పుడు వైద్యుడు జైలుకు భయపడి చేతులు ముడుచుకునే చట్టాన్ని నేను సమర్థించను. అటువంటి చట్టాలను సరిదిద్దమని మీరు అడిగితే మీ వెంట నిలబడతాను. ఆ మినహాయింపు కోసం అన్ని గడువులనూ ఎత్తివేయనక్కరలేదు కదా?

ఇక మనస్సాక్షి సంగతి. వైద్యుల అభ్యంతరాన్ని స్త్రీల హక్కులకు భంగం రాకుండా నియంత్రించడం సాధ్యం కాకపోతే, అలాంటి అభ్యంతరం సమర్థనీయం కాకుండా పోవచ్చని మీ మార్గదర్శకాలు అంటున్నాయి. బ్రిటన్ 1967 చట్టంలోని నాలుగవ సెక్షన్ ఈ చిక్కును అప్పుడే విప్పింది: అభ్యంతరం ఉన్నవారిని బలవంతపెట్టరాదు, తల్లి ప్రాణం కాపాడవలసి వస్తే మాత్రం తప్పుకోరాదు. ఇంతకంటే సూటైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

అమెరికా సుప్రీంకోర్టు 1973లో దేశమంతటికీ ఇచ్చిన హక్కును 2022లో రద్దుచేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. ఐర్లాండు 1983లో రాజ్యాంగంలో చేర్చిన నిషేధాన్ని 2018లో ప్రజాభిప్రాయ సేకరణతో తొలగించింది. నాకు మొదటిది నచ్చింది, రెండవది నచ్చలేదు. అయినా ఐర్లాండు ప్రజలు ఓటు వేసి తేల్చుకున్న పద్ధతిని గౌరవిస్తాను. 1994లో కైరో జనాభా సదస్సులో 179 దేశాలు ఆమోదించిన పత్రం, ఈ విషయంలో చట్టపరమైన మార్పులు ఆయా దేశాలలోనే జరగాలని, గర్భవిచ్ఛిత్తిని కుటుంబ నియంత్రణ పద్ధతిగా ప్రోత్సహించరాదని స్పష్టంగా చెప్పింది.

కాబట్టి గడువులు వద్దన్న సిఫార్సును ఉపసంహరించుకోండి. అంతవరకు రాలేకపోతే, మీ వర్గీకరణే గీసిన 22 వారాల గీతనైనా గుర్తించి, ఆ తరువాతి కాలానికి అది వర్తించదని ప్రకటించండి. మనస్సాక్షిపై ఆ వాక్యాన్ని తొలగించండి. ఏటా ప్రపంచంలో సుమారు 7.3 కోట్ల గర్భవిచ్ఛిత్తులు జరుగుతున్నాయని మీ సంస్థే అంచనా వేసింది; బిడ్డను కనాలని ఉన్నా డబ్బు లేకనో, ఇంట్లోవారి ఒత్తిడికి తలొగ్గో ఆ గదికి వెళ్తున్న స్త్రీలు వారిలో ఎందరో లెక్కతీయించి, వారికి ప్రభుత్వాలు ఏ సాయం చేయాలో కూడా అదే వివరంతో రాయండి. మార్గదర్శకాలను మళ్ళీ సవరించేటప్పుడు, అర కిలో బిడ్డలను చేతుల్లోకి తీసుకునే నవజాత శిశు వైద్యులనూ నర్సులనూ పిలిచి వారి మాట వినండి.

ఇట్లు,
భవదీయుడు