రక్తం ఇచ్చినవాళ్లకే మందు ముందు అందాలి

సంపాదకులకు,

అల్జీమర్స్ అంటే ముసలితనపు మతిమరుపే అనుకుంటాం గానీ, కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో కొన్ని కుటుంబాలకు అది నలభైల్లోనే మొదలవుతుంది. ప్రిసెనిలిన్-1 జన్యువులో ఒక్క మార్పు. అమ్మకో నాన్నకో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. అక్కడి నరాల డాక్టర్ ఫ్రాన్సిస్కో లొపేరా 1980ల నుంచి 2024లో కన్నుమూసేదాకా ఆ కుటుంబాల చెయ్యి వదల్లేదు.

అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి అక్కడ చేసిన క్రెనెజుమాబ్ అనే మందు ట్రయల్‌లో నాకు బాగా నచ్చిందొకటుంది: ఆ జన్యుమార్పు లేనివాళ్లను కూడా చేర్చుకుని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు, ఎందుకంటే ఉన్నవాళ్లనే తీసుకుంటే పేరు నమోదైన రోజే ‘నీకూ వస్తుంది’ అని చెప్పేసినట్టు అయ్యేది, ఆ టెన్షన్‌తో బతకడం ఎవరి తరం? 2022లో ఆ మందు పనిచేయలేదని తేలింది. అయినా జబ్బు రావడానికి ఏళ్ల ముందే మెదడులో ఏం జరుగుతుందో తెలిసిందంటే అది చాలావరకు వీళ్ల చలవే. ఇలా వంశపారంపర్యంగా వచ్చే అల్జీమర్స్‌పై పరిశోధనకు 2008లో మొదలైన డయాన్ నెట్‌వర్క్‌లో చేరిన ఇతర దేశాల కుటుంబాల చలవ కూడా.

రక్తం ఇచ్చారు, నడుములో సూదులు గుచ్చించుకున్నారు, చనిపోయాక మెదళ్లూ దానం చేశారు. రేపు పనిచేసే మందు వస్తే అది ముందుగా, వాళ్లు కొనగలిగే ధరకు వాళ్లకే అందాలని ట్రయల్ ఒప్పందంలోనే రాయాలి. తర్వాత చూద్దాం అంటే కుదరదు.

– ఒక పాఠకురాలు, వరంగల్