జాకీ కెనడీ నుంచి నాన్సీ రీగన్ దాకా: అడ్వాన్స్ ఇచ్చిన పదకొండు కుటుంబాలకు

2025 జనవరిలో మీలో పదకొండు కుటుంబాల దగ్గర అమెరికా అధ్యక్షుల భార్యల బొమ్మలున్న పంతొమ్మిది బంగారు నాణేలకు అడ్వాన్స్ తీసుకున్నాను. ఒక్కోటి 1,650 డాలర్లు, బంగారం ఎంత పెరిగినా ఇదే రేటు, వేసవి సెలవులకు ముందే మీ చేతిలో పెడతానని మాటిచ్చాను. వేసవి పోయింది, దసరా పోయింది, దీపావళి కూడా అయిపోయింది. మీరు ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం" అంటూ వచ్చాను. నాకు సరుకిచ్చే వ్యాపారి చెప్పిన మాటే మీకు చెప్పాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను. ఆ నాణేలు ఇక రావు. వాటిని కరిగించేశారు.

ఈ మధ్యే మా కొట్టుకు వస్తున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికా ప్రభుత్వ టంకశాల అధ్యక్షుల భార్యల పేరిట 2007 నుంచి 2016 వరకు 41 బంగారు నాణేలు వేసింది. 2020లో బార్బరా బుష్‌తో కలిపి 42. ఒక్కోటి అర ఔన్సు, 24 క్యారెట్లు, మన లెక్కలో రెండు కాసులకు కాస్త తక్కువ. అన్నీ వెస్ట్ పాయింట్ టంకశాలలో ముద్రించినవే. భార్య లేకుండా పదవిలో ఉన్న జెఫర్సన్, జాక్సన్, వాన్ బ్యూరెన్, బుకానన్‌ల వంతుకు ఆ కాలపు నాణేల మీది లిబర్టీ (స్వేచ్ఛకు గుర్తుగా వేసే స్త్రీ) బొమ్మ వేశారు. మొదటి రెండూ, మార్తా వాషింగ్టన్, అబిగేల్ ఆడమ్స్, కొన్ని గంటల్లో అమ్ముడైపోయాయి. ఆ తర్వాత జనానికి ఆసక్తి తగ్గింది. చివరి ఏళ్ళలో కొన్ని అన్‌సర్క్యులేటెడ్ (అద్దంలా మెరిసే ప్రూఫ్ ముద్ర కాని, మామూలు ముద్ర) నాణేలు సుమారు రెండు వేలే అమ్ముడయ్యాయి. మనం వెతుకుతున్నది సరిగ్గా ఆ చివరి ఏళ్ళ నాణేలనే.

వాటిని ఇస్తానన్నది తొమ్మిదేళ్ళుగా మాకు సరుకిచ్చే టోకు వ్యాపారి. పేరు రాయను. జనవరిలో నాణెంలో ఉన్న బంగారం విలువ పద్నాలుగు వందల డాలర్ల లోపే. ఆయన రేటు చెప్పాడు, నేను ఒప్పుకున్నాను, అడ్వాన్స్ పంపాను. కాగితం రాసుకోలేదు, తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ రాసుకోలేదు. మార్చిలో ఔన్సు మూడు వేలు దాటింది. "పెట్టెలు సర్దుతున్నాం" అన్నాడు. జూన్‌లో "సర్టిఫికెట్లు సరిచూస్తున్నాం" అన్నాడు. ఆగస్టులో ఫోన్ ఎత్తడం మానేశాడు. అక్టోబరులో ఔన్సు నాలుగు వేలు దాటిన వారమే ఆయనే ఫోన్ చేశాడు.

"రిఫైనరీకి పంపేశాను. మీకిచ్చే రేటు కంటే బరువుకే ఎక్కువ వస్తోంది. అయినా వీటిని మీ తెలుగువాళ్ళు తప్ప అడిగేదెవరు?"

ఆ చివరి మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. నా అడ్వాన్స్ సెంటుతో సహా వెనక్కి పంపాడు, దాంతో లెక్క తీరిందనుకున్నాడు. న్యూజెర్సీలోని ఈ ఎడిసన్‌లో, ఈ చిన్న కొట్టులో, డాలీ మాడిసన్ నాణెం చూపించి, 1814లో బ్రిటిష్ సైన్యం వైట్‌హౌస్ తగలబెట్టేముందు ఆమె వాషింగ్టన్ చిత్రపటాన్ని ఎలా కాపాడిందో మీ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఆయనకేం తెలుసు? గ్రేస్ కూలిడ్జ్ నాణెం వెనక మూడు చేతులు సంజ్ఞల భాషలో యు, ఎస్, ఏ అక్షరాలు చూపిస్తుంటాయి. వినికిడి లేని ఒక పాప దాన్ని చూసి తన చేతులతో అవే అక్షరాలు పెట్టి చూపించింది. అడిగేది మీరే అయితే, అది నాకు గర్వం.

మా నాన్న ప్రొద్దుటూరులో బంగారం అంగట్లో గుమాస్తాగా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రేటు పెరిగిందని ఇచ్చిన మాట తిప్పుకున్న అంగడి మెట్టు ఆయన మళ్ళీ ఎక్కలేదు. నేనూ ఆ వ్యాపారి దగ్గర ఇక కొనను. రేపు సగం రేటుకిస్తానన్నా కొనను.

ఆ తర్వాత మూడు వారాలు నిద్ర లేదు. రసీదు మీద "సరుకు రాకపోతే అడ్వాన్స్ వాపసు" అని రాయించింది నేనే. మా ఆయన అదే చూపించి, "డబ్బులు తిరిగిచ్చేస్తే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ జనవరిలో మీరు అదే డబ్బుతో ఎక్కడైనా బంగారం కొని ఉంటే ఈపాటికి ఎంతో పెరిగేది. నా మాట నమ్మి ఆ డబ్బు నా దగ్గర పెట్టారు. పది నెలల తర్వాత అదే చెక్కు మీ చేతిలో పెడితే, ఆ వ్యాపారి నాకు చేసిందే నేను మీకు చేసినట్టవుతుంది. అక్కడే ఆగిపోయాను. ఇంట్లో గొడవ అయింది, టెన్షన్ అయింది. చివరికి బయట కొని పాత రేటుకే మీకివ్వాలని నిర్ణయించుకున్నాను.

దొరికినంత వరకు కొన్నాను. సగటున ఒక్కోటి 2,250 పడింది. జాకీ కెనడీ ఆరూ దొరికాయి. లేడీ బర్డ్ జాన్సన్ మూడింట్లో రెండు, పాట్ నిక్సన్ మూడింట్లో ఒకటి, బెట్టీ ఫోర్డ్ నాలుగింట్లో రెండు, నాన్సీ రీగన్ మూడింట్లో రెండు. మొత్తం పదమూడు. ఒక్కోదాని మీద ఆరు వందల నష్టం నాది. అది మీరు పూడ్చాలని అడగడానికి రాయడం లేదు, దయచేసి ఎవరూ తేడా ఇస్తామనకండి. ఇద్దరు ఇప్పటికే అన్నారు, నాకు కష్టమనిపించింది.

మిగతా ఆరు నాణేలూ ఒక చోట దొరికాయి, తక్కువకే. పెట్టెలు లేవు. భూతద్దం పెట్టి చూస్తే బొమ్మల బుగ్గల మీద వెంట్రుకవాసి గీతలు కనిపించాయి, ఎవరో గుడ్డతో తుడిచారు. మన ఇళ్ళలో గాజులూ గొలుసులూ కుంకుడు రసంలో నానబెట్టి తోముతాం, తళతళలాడతాయి. నాణేనికి అదే చేస్తే దాని పని అయిపోయినట్టే. ఇంత మెత్తని బంగారం మీద పడిన గీత మళ్ళీ పోదు, గ్రేడింగ్‌లో, అంటే నాణెం స్థితిని పరీక్షించి విలువ కట్టేచోట, "కడిగినది" అని రాసేస్తారు. ఆరూ తిరిగి పంపేశాను.

ఇక నా బీరువా తెరిచాను. 2007 జూన్‌లో మార్తా వాషింగ్టన్ నాణెం 410 డాలర్ల 95 సెంట్లకు కొన్నప్పుడు నాకింకా కొట్టు లేదు, ఉద్యోగం మాత్రమే. అప్పటి నుంచి ఒక్కొక్కటీ చేర్చుకుంటూ బార్బరా బుష్‌తో 42 పూర్తి చేశాను. అందులోంచి నాలుగు తీశాను: లేడీ బర్డ్, పాట్ నిక్సన్, బెట్టీ ఫోర్డ్, నాన్సీ రీగన్. బెట్టీ ఫోర్డ్ తీసేటప్పుడు చెయ్యి రాలేదు. వెనక వైపు మెట్లు ఎక్కుతున్న అమ్మాయి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ గురించి ఎవరూ నోరు విప్పని రోజుల్లో ఆమె బయటికి చెప్పింది. మా అక్కకు అదే జబ్బు వచ్చిన ఏడాది ఆ నాణెం కొన్నాను. ఇంతకంటే రాయను.

అడ్వాన్స్ కట్టిన తేదీల వరసలో పంచాను, ఎవరికీ ముందువెనకలు చేయలేదు. పదిహేడు నాణేలు సిద్ధంగా ఉన్నాయి, శనివారం నుంచి రసీదుతో వచ్చి తీసుకోవచ్చు. ఒక పాట్ నిక్సన్, ఒక బెట్టీ ఫోర్డ్ ఇంకా బాకీ. ఆ రెండు కుటుంబాలకు ఈ రాత్రే నేనే ఫోన్ చేస్తాను. అడ్వాన్స్ ఇప్పుడే వాపసు తీసుకోండి. నాణెం దొరికిన రోజు, ఎంతకు కొన్నా, మీకు 1,650కే. నా పెట్టెలో ఖాళీ అయిన నాలుగు గూళ్ళ సంగతి ఆ తర్వాతే చూస్తాను.

ఇక మీదట ముందు రేటు చెప్పి అడ్వాన్స్ తీసుకోను. నాణెం బల్ల మీద ఉన్నప్పుడే, ఆ రోజు రేటుకే బేరం. టోకు వ్యాపారులతోనూ మాటంతా కాగితం మీదే. ఇలా అనాల్సి రావడం నాకు నచ్చడం లేదు, అయినా ఇంతే.

మీలో ఎవరైనా ఈ నాణేలు అమ్ముకోవాల్సి వస్తే, బరువుకు కొనే చోటికి వెళ్ళేముందు ఒక్కసారి నాకు చూపించండి. వాళ్ళిచ్చేదానికంటే ఒక డాలరైనా ఎక్కువే ఇస్తాను. పెట్టె, సర్టిఫికెట్ కూడా తీసుకురండి. నాణెం ఉన్న ప్లాస్టిక్ క్యాప్సూల్ విప్పకండి, నాణెం కడగకండి.